పిన్నిగారి కరివేపాకు మీద 'కొత్త' కందిరీగ: ఒక కేస్ స్టడీ

2023 ఆగస్టు చివరివారం. కాలేజీ నుంచి వచ్చి గేటు దగ్గర స్కూటరు ఆపుతుంటే కింద వాటా పిన్నిగారు కరివేపాకు రెమ్మ పట్టుకుని ఎదురొచ్చారు.

"మాస్టారూ, మా చెట్టుకి ఏటో పట్టిందండి. చిగుళ్ళన్నీ ముడుచుకుపోతన్నాయి. కోసి పోపులో వేద్దామంటే చేతికి జిగురు. మీరు పురుగుల మాస్టారు కదా, ఓసారి చూసి పెట్టండి."

విశాఖ ఎంవీపీ కాలనీలో మేముండే ఇంటి పెరట్లో ఉన్నది ఆ ఒక్క కరివేపాకు చెట్టే. మొదటి అంతస్తు కిటికీ దాకా పెరిగింది. ఈ కేసంతా ఆ చెట్టు చుట్టూ, ఇంకా చెప్పాలంటే ఆ రోజు నా చేతికొచ్చిన రెమ్మ చుట్టూ తిరుగుతుంది. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. పరాన్నజీవి కందిరీగలకు స్లైడ్లు చేయడం ఇరవయ్యేళ్ళుగా ఉన్న అలవాటు. కింద రాసిన తప్పులన్నీ ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడు చేసినవేనని ముందే చెప్పుకుంటున్నాను.

రెమ్మ మీద రెండు రకాల ప్రాణులున్నాయి. లేత కాడల పొడవునా సిల్లా (చెట్టు రసం పీల్చే బుల్లి పురుగు) పిల్లలు, పసుప్పచ్చగా, చదునుగా, ఒకదాన్నొకటి ఆనుకుని. వాటి వెనక నుంచి తెల్లటి మైనపు పోగులు. నిమ్మ, బత్తాయి రైతులకు బాగా తెలిసిన పురుగే, డయాఫోరినా సిట్రి. కరివేపాకుదీ నిమ్మ కుటుంబమే కాబట్టి ఈ చెట్టన్నా దానికి మహా ఇష్టం. పిన్నిగారి చేతికంటిన జిగురు దాని పనే. రెండోది, కాస్త ముదురాకు మీద ఒంటరిగా ఒక సీతాకోకచిలుక గుడ్డు. లేత పసుపు రంగు, గుండ్రటి ఆకారం, గసగసాల గింజకన్నా ఓ పిసరు పెద్దది. నిమ్మ సీతాకోకచిలుక పెట్టింది.

సిల్లా రోజూ చూసేదే. నా కన్ను గుడ్డు మీద పడింది. సీతాకోకచిలుక గుడ్డులో దూరి పెరిగే కందిరీగలంటే నాకు మొదటి నుంచీ మోజు. నా దగ్గర ప్రాజెక్టు చేస్తున్న ఎమ్మెస్సీ అమ్మాయికి ఆ రెమ్మ ఇచ్చి, "గుడ్డున్న ఆకు గొట్టంలో వెయ్యమ్మా" అన్నాను. ఆమె ఆకుని చిన్న కాడ ముక్కతో సహా తుంచి, హోమియోపతి మాత్రల గొట్టంలో వేసి, దూది బిరడా పెట్టింది. లేబుల్ మీద ఏం రాయాలో నేనే చెప్పాను: 'ఆతిథేయి: పెపీలియో డెమోలియస్ గుడ్డు'. ఆతిథేయి అంటే పరాన్నజీవికి ఇల్లూ తిండీ అయ్యే ప్రాణి; ఆ లాటిన్ పేరు నిమ్మ సీతాకోకచిలుకది. పిన్నిగారికేమో చిగుళ్ళు కత్తిరించి సబ్బునీళ్ళు కొట్టమని సలహా ఇచ్చి పంపాను.

తొమ్మిదో రోజు పొద్దున గొట్టంలో మూడు కందిరీగలు.

కందిరీగ అనగానే చూరుకింద గూడు కట్టి కుట్టేది గుర్తొస్తుంది. ఇవి వేరు. ఆవగింజలో సగం కూడా ఉండవు. తల్లి ఇంకో పురుగు ఒంట్లోనో, ఒంటి మీదనో, గుడ్డులోనో తన గుడ్డు పెడుతుంది. పుట్టిన పిల్ల ఆ పురుగును తినేసి, ఖాళీ తోలుకు కన్నం చేసుకుని బయటికొస్తుంది. మామూలు పరాన్నజీవి ఆతిథేయిని బతకనిస్తుంది. ఇవి చంపి తీరతాయి. ఇలాంటి బుల్లి కందిరీగల పెద్ద గుంపు పేరు చాల్సిడ్లు. ఇప్పటిదాకా పేర్లు పెట్టినవి ఇరవై రెండు వేల పైచిలుకు. అసలు సంఖ్య 5 లక్షల దాకా ఉండొచ్చని ఒక అంచనా. పురుగుల్లో పెంకు పురుగులదే అతి పెద్ద లెక్క అని మేం చదువుకున్నాం. 2018లో వచ్చిన ఒక పరిశోధన, పరాన్నజీవి కందిరీగలను సరిగ్గా లెక్కేస్తే కందిరీగల వర్గమే దాన్ని దాటిపోతుందని వాదించింది. అంటే పెరట్లో కొత్త జాతి దొరకడం వింతేమీ కాదు. మా బోటివాళ్ళకి జ్వరం పట్టుకునేది సరిగ్గా ఇక్కడే.

మూడింటిలో రెండు ఒకేలా ఉన్నాయి. మూడోది వేరు. ముందు ఆ రెండింటి సంగతి.

గొట్టాన్ని వేలితో తడితే అవి నడవకుండా ఎగిరి గెంతాయి. ఆ గెంతే సగం గుర్తింపు. నలభై రెట్లు పెద్దది చేసి చూస్తే నడిమి కాలి పిక్క చివర బలమైన ముల్లు, ఛాతీ పక్కన ఉబ్బెత్తుగా ఒకే పెద్ద పలక. గెంతడానికి కావలసిన కండరాలన్నీ ఆ పలక వెనకే. కుటుంబం ఎన్సిర్టిడే. ఇందులో సందేహం లేదు.

కుటుంబం దాటి ప్రజాతి దగ్గరికొచ్చేసరికి దారి తప్పాను. గుడ్డులోంచి వచ్చిన ఎన్సిర్టిడ్ కాబట్టి మొదట ఊఎన్సిర్టస్ ప్రజాతి వెతికాను. నిమ్మ సీతాకోకచిలుక గుడ్లలో పెరిగేది ఆ ప్రజాతిలో ఒకటి ఉందని తెలుసు. మీసాలు కలవలేదు. రెక్క ఈనెలు కలవలేదు. గుడ్లలో పెరిగే మిగతా ఎన్సిర్టిడ్‌లన్నీ ఒక్కొక్కటే తీసి చూశాను. ఏదీ కుదరలేదు. చాల్సిడ్ల మీద సుబ్బారావు, హయాత్ కలిసి 1985, 86ల్లో రెండు భాగాలుగా తెచ్చిన గ్రంథం మా దగ్గర జెరాక్స్ రూపంలో ఉంది. మన దేశంలో ఈ పని చేసే ఎవరి బల్ల మీదైనా ఉండేదే. అందులోని 'కీ'ని మూడుసార్లు మొదటి నుంచీ నడిచాను. కీ అంటే ప్రశ్నల వరుస: మీసంలో ఇన్ని కణుపులున్నాయా, ఉంటే అయిదో ప్రశ్నకు పో, లేకపోతే తొమ్మిదో ప్రశ్నకు పో. అది చెప్పినట్టు నడిచి ఉంటే గమ్యం చేరేవాణ్ణే. నేను నడవలేదు. సిల్లాల మీద బతికే ప్రజాతుల వైపు తిరిగిన ప్రతిసారీ, 'ఇది గుడ్డులోంచి వచ్చింది కదా' అని వెనక్కి లాగేశాను.

మూడు వారాలకు, గుడ్లలో పెరిగే ఎన్సిర్టిడ్‌లలో ఇది ఎవరికీ తెలియని ప్రజాతి అని తేల్చేశాను.

"సార్, పేరు వైజాగెన్సిస్ అని పెడదామా?" అంది అమ్మాయి.

'విశాఖెన్సిస్' బాగుంటుందేమో అన్నాను. నోటుబుక్కులో పెన్సిల్‌తో రెండూ రాసి ఉన్నాయి. ఇప్పటికీ చెరపలేదు.

సెప్టెంబరు నెలాఖరుకి బొమ్మలు, కొలతలు కలిపి, ఎన్సిర్టిడ్‌ల మీదే పనిచేసే ఒక పెద్దాయనకు మెయిల్ పంపాను. పేరు రాయడం ఆయనకు ఇష్టం ఉండదు. జవాబు మర్నాడే వచ్చింది. పొగడ్త లేదు, తిట్టూ లేదు. ఒకే ప్రశ్న: గుడ్డుకు కన్నం ఎక్కడ ఉంది? ఫొటో పంపగలరా?

ఆ గొట్టాన్ని పారెయ్యకుండా ఉంచడం ఈ కేసులో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని. ఆకు ఎండి చుట్టుకుపోయింది. తడి దూది మీద పెట్టి మెత్తబరచి విప్పాను. గుడ్డు అలాగే అతుక్కుని ఉంది. ఎండి లోపలికి పీక్కుపోయింది కానీ దానికి ఎక్కడా కన్నం లేదు. కందిరీగ బయటికి రావాలంటే కన్నం ఉండాలి. ఒంట్లో చెమట పట్టింది. ఆకును తిరగేసి, తర్వాత కాడ ముక్కను తిరగేశాను. కాడ అడుగున, పక్క రెమ్మ చీలే మూల, మూడు గోధుమ రంగు బుడిపెలు. చచ్చి గట్టిపడ్డ సిల్లా పిల్లలు. వాటిని మేం మమ్మీలంటాం. మూడు మమ్మీలు, మూడు కందిరీగలు. మొదటి రోజే ఆ కాడను తిప్పి చూసి ఉంటే అరనిమిషంలో తేలేది.

రెండు మమ్మీలకు పొట్ట వైపు గుండ్రటి కన్నాలున్నాయి, చిన్న సూదితో పొడిచినట్టు. ఆ కన్నం చోటే పేరు చెప్పేసింది. కరివేపాకు మీది సిల్లా పిల్లల్లో పెరిగే ముఖ్యమైన కందిరీగలు రెండు. టమారిక్సియా రేడియేటా పిల్ల సిల్లాకు అడుగున, బయట ఉండి తింటుంది. పెద్దయ్యాక సిల్లా ఛాతీ వైపు కన్నం చేసుకుని వస్తుంది. డయాఫోరెన్సిర్టస్ అలీగఢెన్సిస్ సిల్లా ఒంట్లోనే పెరిగి పొట్ట వైపు నుంచి వస్తుంది. ఆ పేరు పెట్టుకుని కీ దగ్గరికి వెళ్తే అరగంటలో పని అయిపోయింది. మీసాలు, రెక్కలు, అన్నీ కలిశాయి. నా 'విశాఖెన్సిస్' ఇదే. 1975లోనే అలీగఢ్ నుంచి షఫీ, ఆలం, అగర్వాల్ దీన్ని వర్ణించి, ఆ ఊరి పేరే పెట్టారు.

దాని పేరు చరిత్ర కూడా తిన్నగా సాగలేదు. మొదట అఫిడెన్సిర్టస్ ప్రజాతిలో పెట్టారు. 1981లో హయాత్ దీనికోసం డయాఫోరెన్సిర్టస్ అనే ప్రజాతినే ఏర్పాటు చేశారు. ఈలోపు 1979లో తైవాన్‌లో ఇదే కందిరీగకు సిల్లెఫేగస్ డయాఫోరినే అని పేరు పెట్టారు. రెండూ ఒకటేనని తర్వాత తేలింది. ముందు పెట్టిన పేరే నిలబడాలన్నది నియమం కాబట్టి అలీగఢ్ గెలిచింది. తైవాన్ వాళ్ళకైనా ఆతిథేయి సరిగ్గానే తెలుసు. నాకు అదీ లేదు.

ఈ తప్పు నాదొక్కడిదే అయితే ఇంతగా రాయను. పరాన్నజీవి కందిరీగల జాబితాల్లో 'ఫలానా పురుగు నుంచి వచ్చింది' అన్న మాటల్లో చాలావాటి వెనక ఇలాంటి గొట్టమే ఉంటుంది: ఒక కొమ్మ, దాని మీద కంటికి కనబడిన పెద్ద పురుగు, కనబడని చిన్న పురుగు, నాలుగు రోజుల తర్వాత ఒక కందిరీగ. లేబుల్ మీదికి పెద్ద పురుగు పేరు ఎక్కుతుంది. అక్కడి నుంచి పత్రంలోకి, పత్రం నుంచి డేటాబేస్‌లోకి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో జాన్ నోయెస్ కూర్చిన చాల్సిడ్ల డేటాబేస్ లేకపోతే నాకు రోజు గడవదు. కానీ అచ్చయినవన్నీ ఎక్కించడం దాని పని; ఎవరి గొట్టంలో ఏ కాడ ఉందో దానికేం తెలుసు?

అక్టోబరు నుంచి పద్ధతి మార్చాం. పిన్నిగారిని చిగుళ్ళు కత్తిరించొద్దని బతిమాలాను. ఆవిడ మొహం చూడాలి. "మొన్న కత్తిరించమన్నారు, ఇప్పుడు వద్దంటున్నారు. పురుగులకా మీరు మాస్టారు, చెట్టుకా?" అన్నారు. చెట్టులో కిటికీ వైపు కొమ్మలు మావి, వంటింటి వైపు కొమ్మలు ఆవిడవి అని ఒప్పందం కుదిరింది.

ఒక్కో మమ్మీని బ్లేడుతో కాడ చెక్కతో సహా గీసి తీసి, మందుల షాపులో దొరికే ఖాళీ జెలటిన్ క్యాప్సూల్లో ఒక్కొక్కటే వేశాం. ఒక క్యాప్సూల్, ఒక మమ్మీ, ఒక నంబరు. ఇక ఏది ఎందులోంచి వచ్చిందన్న అనుమానానికి చోటు లేదు. వైజాగ్ గాలిలోని తేమకు క్యాప్సూళ్ళు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయాయి. రెండో విడతకు టిఫిన్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాల మధ్య పెట్టాం. హుద్‌హుద్‌లో, అంటే 2014 అక్టోబరు 12న, కిటికీ అద్దం పగిలి నా పాత పెట్టెలు రెండు తడిసి బూజు పట్టిపోయాయి. అప్పటి నుంచి తేమ అంటే నాకు పాములా భయం.

క్యాప్సూళ్ళలోంచి డయాఫోరెన్సిర్టస్ వచ్చింది. టమారిక్సియా వచ్చింది. ఒకదాంట్లోంచి చిరుతపులిలా మచ్చల రెక్కలున్న మారియెట్టా లియోపార్డినా వచ్చింది. ఇది సిల్లాను తినదు, సిల్లాను తింటున్న కందిరీగను తింటుంది. ఒక ఆకు కాడ మీద మూడంతస్తుల మేడ.

టమారిక్సియా దగ్గర కాసేపు ఆగాలి. ఒట్టి కంటితో చూస్తే నల్లటి నలుసు, పాదంలో నాలుగే ఖండాలు, అంటే యూలోఫిడే కుటుంబం. 1922లో వాటర్‌స్టన్ దీన్ని పంజాబ్‌లోని లాయల్‌పూర్‌లో నిమ్మ సిల్లా నుంచి వచ్చిన నమూనాలతో వర్ణించాడు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్. అప్పట్లో దీన్ని టెట్రాస్టికస్ ప్రజాతిలో పెట్టారు. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చేది ఈ సిల్లాయే కాబట్టి, తర్వాత తర్వాత ఈ నలుసును రీయూనియన్ దీవికి, ఫ్లోరిడాకు, కాలిఫోర్నియాకు తీసుకెళ్ళి వదిలారు. కాలిఫోర్నియావాళ్ళు తమకు కావలసినదాన్ని వెతుక్కుంటూ మళ్ళీ పాకిస్తాన్ పంజాబ్‌కే వచ్చారు. సిల్లా పుట్టిల్లు ఈ ప్రాంతమైతే దాని శత్రువు కూడా ఇక్కడే ఉంటుందన్న లెక్క. వర్గీకరణ వల్ల ఏం లాభం అని అడిగే మా కాలేజీ కామర్స్ మాస్టారికి నేను చెప్పేది ఈ కథే. తప్పు జాతిని పట్టుకెళ్ళి వదిలితే డబ్బూ పోతుంది, సంవత్సరాలూ పోతాయి.

ఇప్పుడు మొదటి గొట్టంలోని మూడో కందిరీగ.

అది వచ్చిన రోజు దాన్ని సరిగ్గా చూడనే లేదు. పాదంలో నాలుగు ఖండాలు చూసి, యూలోఫిడే అని రాసి, 'కొత్త ఎన్సిర్టిడ్' మోజులో పక్కన పెట్టేశాను. స్లైడు మాత్రం చేశాను, అదీ తొందరలో. స్లైడు ఎలా చేస్తామో చెబితే గానీ జరిగిన నష్టం అర్థం కాదు. కందిరీగను పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి కొద్దిగా వేడిచేస్తే లోపలి కండా కొవ్వూ కరిగిపోయి, గాజులాంటి తోలు మిగులుతుంది. దాన్ని కడిగి, నీళ్ళు లేకుండా చేసి, లవంగ నూనెలో నానబెడతాం. (లవంగ నూనె వాసన వచ్చిన రోజు మా ఆవిడ "ఏమండీ, పన్నా, పురుగా?" అని అడుగుతుంది.) ఆ తర్వాత ఫ్యాన్ ఆపెయ్యాలి. సెప్టెంబరు వైజాగ్‌లో ఫ్యాన్ లేకుండా, ముక్కు మీది చెమట స్లైడు మీద పడకుండా, ఊపిరి బిగబట్టి, కీటకాల సూదితో ఒక రెక్క విడదీసి, తల విడదీసి, కెనడా బాల్సం చుక్కలో సర్దాలి. ఒక మీసం ఎటో పోయింది. రెండోది దక్కింది.

డిసెంబరులో, క్యాప్సూళ్ళలో వచ్చిన టమారిక్సియా స్లైడ్లు పక్కన పెట్టుకుని చూశాను, ఇదీ అదేనని నిర్ధారించుకుని పేజీ మూసేద్దామని. కాదు. పొట్ట చివర రెండు పక్కలా చిన్న బొడిపెలుంటాయి, వాటి మీద కొన్ని వెంట్రుకలు. టమారిక్సియాలో ఆ వెంట్రుకలు నాకు మామూలుగానే కనబడ్డాయి. దీనిలో ఒకటి మిగతావాటికన్నా బాగా పొడుగు, మధ్యలో వంపు తిరిగి ఉంది. వెలుగు తగ్గించి, పెంచి, స్లైడు తిప్పి చూశాను. రెండు పక్కలా అంతే. ఆ వంపు వెంట్రుక అప్రోస్టోసీటస్ ప్రజాతి లక్షణం. ఎండిన కాడ మీద మూడో మమ్మీ మళ్ళీ తీసి చూశాను. దాని కన్నం గుండ్రంగా లేదు, అంచు కొరికినట్టు ఉంది.

అప్రోస్టోసీటస్‌లో వందలాది జాతులున్నాయి. కొన్ని ఆకుబుడిపెల్లో, కొన్ని బొద్దింక గుడ్లతిత్తుల్లో, కొన్ని ఇతర కందిరీగల మీద బతుకుతాయి. సిల్లా మమ్మీల నుంచి వచ్చినట్టు రికార్డుల్లో ఉన్నవాటితో, మన ప్రాంతం నుంచి వర్ణించినవాటితో పోల్చాను. మీసం కణుపుల పొడవు వెడల్పుల నిష్పత్తి దేనితోనూ కలవదు. పెద్దాయనకు మళ్ళీ బొమ్మలు పంపాను. ఆయనా పేరు చెప్పలేదు. "ఇంకో నాలుగు పట్టండి, ఒకటైనా మగది" అని రాశారు.

ఇక్కడ నా తొందర మళ్ళీ నా మెడకే చుట్టుకుంది. ఒక కాలు అయినా స్పిరిట్‌లో దాచి ఉంటే డిఎన్ఏ బార్‌కోడ్, అంటే జాతిని పోల్చడానికి పనికొచ్చే చిన్న డిఎన్ఏ ముక్క, తీయించేవాణ్ణి. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉడికాక ఆ ఆశ లేదు. అయినా ఒట్టి బార్‌కోడ్ మీద పేరు పెట్టే పని నేను చెయ్యను. 2021లో కోస్టారికా నుంచి 403 బ్రాకొనిడ్ కందిరీగలను ప్రధానంగా బార్‌కోడ్‌ల ఆధారంగా ఒకే పత్రంలో కొత్త జాతులుగా ప్రకటించారు. ఆ వేగం నాకు అర్థమవుతుంది, అడవులు ఆగవు కదా. కానీ మైక్రోస్కోపు ఒక్కటే ఉన్న నా బోటి మాస్టారు ఆ వర్ణనలతో ఒక్క కందిరీగనైనా గుర్తుపట్టగలడా?

పేరు పెట్టడం కష్టం కాదు. అంతర్జాతీయ నియమాల ప్రకారం 1999 తర్వాత పెట్టే జాతి పేరుకు ఆధార నమూనా (సాధారణంగా హోలోటైప్ అనే ఒకే నమూనా) ఏదో, ఎక్కడ భద్రపరుస్తారో చెప్పి తీరాలి. మన జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం కొత్త జాతి నమూనాను నిర్దేశించిన సంస్థకు అప్పగించాలి. ఈ రెండూ చెయ్యొచ్చు. ఒక్క ఆడ కందిరీగ, ఒక్క మీసం, పక్కకు వాలిన పొట్ట, ఇదే హోలోటైప్ అని రాసి కోల్‌కతాలోని జువలాజికల్ సర్వేకి పంపెయ్యొచ్చు. రేపు ఇంకొకడు నా కరివేపాకు చెట్టు లాంటిదాని దగ్గరే ఒక కందిరీగను పట్టుకుని, ఇది అదేనా కాదా అని ఆ ఒంటి మీసం స్లైడు ముందు తల పట్టుకుని కూర్చుంటాడు. ఆస్ట్రేలియాలో గిరో అనే ఆయన (1884–1941) మూడు వేలకు పైగా కందిరీగలకు పేర్లు పెట్టాడు. చాలావాటికి వర్ణన రెండు మూడు వాక్యాలే, స్లైడ్ల మీద విరిగిన ముక్కలే. సొంత ఖర్చుతో కరపత్రాలు అచ్చేసుకున్నాడు. ఒకసారి అసలు లేని కందిరీగకు పేరు పెట్టి, తోటి అధికారి ఒకరిని వెక్కిరించాడు కూడా. మహా చురుకైన కన్ను ఆయనది. ఆ ముక్కల్ని అతికించే పని మాత్రం తర్వాతి తరాల వాళ్ళ మీద పడింది.

మగది దొరుకుతుందన్న గ్యారంటీ కూడా లేదు. డయాఫోరెన్సిర్టస్‌నే తీసుకుంటే, పాకిస్తాన్ నుంచి తెచ్చినవాటిలో మగవీ ఉన్నాయి, తైవాన్‌వాటిలో ఆడవే. వోల్బాకియా అనే బాక్టీరియా ఒంట్లో చేరితే తల్లి మగతోడు లేకుండానే ఆడపిల్లల్ని కనేస్తుంది. నా మూడో కందిరీగది ఏ రకమో ఎవరు చెప్పాలి?

కాబట్టి స్లైడు లేబుల్ మీద ఇలా ఉంది: 'అప్రోస్టోసీటస్, జాతి తేలలేదు. 1 ఆడ. సిల్లా మమ్మీ నుంచి, ఆతిథేయి డయాఫోరెన్సిర్టసా? టమారిక్సియానా?' పాత లేబుల్ చింపలేదు. దాని వెనకే అతికించాను, 'పెపీలియో గుడ్డు' అన్న నా చేతిరాత కనబడేలా.

ఈ జూన్‌లో తొలకరి పడగానే చెట్టు మళ్ళీ చిగురు వేసింది. పిన్నిగారు మెట్ల దగ్గర నుంచే కేకేశారు. "మాస్టారూ, మీ వైపు కొమ్మలకి మళ్ళీ పట్టిందండి, సంతోషమేనా?" గాజు గొట్టాలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఈసారి వచ్చినదాన్ని వచ్చినట్టు స్పిరిట్‌లో వేసి ఫ్రిజ్‌లో పెట్టడానికి మా ఆవిడ గుడ్ల అర పక్కన చోటు ఇచ్చింది.